గ్లాసు కింద పాచిక

ప్రభుత్వ శాఖ తలుచుకుంటే ఒక మనిషిని ఎంతకాలం గాలిలో వేలాడదీయగలదో తెలుసుకోవాలనుకునేవాళ్లు కంచుమెరక శాఖా గ్రంథాలయానికి వెళ్లి అడగవచ్చు. అక్కడ ఒక పెద్దమనిషి పద్నాలుగు నెలల పాటు తాళ్ల వంతెన మీద వేలాడాడు. చేతులు నొప్పిపుడుతున్నాయని ఒక్కసారీ అనలేదు. కింద ఏముందని మాత్రం రోజూ అడిగేవాడు.

ఆ పెద్దమనిషి పేరు సత్తిరాజు. ఆర్టీసీలో ముప్పై ఒక్క ఏళ్లు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. నిజానికి వేలాడింది ఆయన కాదు, ఆటలో ఆయన వేసిన పాత్ర. ఆ తేడా సత్తిరాజు ఎన్నడూ పట్టించుకోలేదు.

సంగతి మొదటినుంచి చెప్పుకోవాలి. గ్రంథపాలకుడు కాశీపతి ఆ ఊరికి బదిలీ మీద వచ్చేనాటికి గ్రంథాలయానికి వచ్చేవాళ్లు ముగ్గురు. ఇద్దరు పేపరు కోసం, ఒకాయన ఫ్యాను కోసం. కాశీపతికి పుస్తకాలంటే ప్రాణం. వాటిమీద దుమ్ము పేరుకుపోతుంటే ఇంట్లో మనిషికి జ్వరం వచ్చినట్టు బాధపడేవాడు. ఆలోచించి ఆలోచించి ఒక ఆట కట్టాడు. దానికి కథాట అని పేరు పెట్టాడు.

కథాటకు కావలసింది ఒక బల్ల, ఒక పాచిక, నలుగురైదుగురు మనుషులు. ఒకరు కథ చెబుతారు, మిగిలినవాళ్లు అందులో తలో పాత్ర అవుతారు. "అడవిలో దారి రెండుగా చీలింది, ఏం చేస్తారు?" అని కథ చెప్పేవాడు అడుగుతాడు. వాళ్లు ఎటు వెళ్తామంటే కథ అటు వెళ్తుంది. ప్రమాదం ఎదురైన చోట పాచిక వేస్తారు. నాలుగో అంతకంటే ఎక్కువో పడితే గట్టెక్కినట్టు, తక్కువ పడితే లేనట్టు. అంతే ఆట. దానికోసం వాళ్లు చదవాల్సి వచ్చేది. కోటల గురించి ఒకరు, పాముకాటు మందుల గురించి ఒకరు, పడవల గురించి ఒకరు పుస్తకాలు పట్టుకెళ్లేవాళ్లు. ఏడాది తిరక్కుండా బీరువా తలుపులు కిర్రుమనడం మానేశాయి.

నియమాలు కూడా అలాగే పుట్టాయి. గాయపడ్డవాడు రెండు వంతులు కత్తి పట్టకూడదని ఆస్పత్రి నర్సు మార్తమ్మ రాయించింది. తడిసిన బట్టలతో పరుగెత్తేవాడికి ఒక అంకె తగ్గించాలని దర్జీ ఖాదర్ రాయించాడు. ఎక్కడికి బయలుదేరినా ముందు తలకాయలు లెక్కపెట్టాలన్న నియమం సత్తిరాజుది. అవన్నీ కలిపి ఒక బడి నోటుపుస్తకంలో పన్నెండు పేజీలు వచ్చాయి. ఊడ్చే అప్పాయమ్మ ఒక్కతే ఏ నియమమూ రాయించలేదు. ఆమె గుమ్మం దగ్గర చీపురు పట్టుకుని నిలబడి కథ వినేది, అడిగితే "నాకేటి తెలుస్తాదండీ" అని వెళ్లిపోయేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం కథ తాళ్ల వంతెన దగ్గరికొచ్చింది. అవతల రాక్షసుడి గుహ. సత్తిరాజు పాత్ర పేరు కంఠీరవుడు. సగం దూరం వెళ్లేసరికి తాడు పుటుక్కుమంది. సత్తిరాజు లేచి నిలబడ్డాడు, పాచికను గుప్పిట్లో ఊపాడు, అలవాటు ప్రకారం "రైట్ రైట్" అని బల్లమీదికి విసిరాడు.

సరిగ్గా అప్పుడే ఆకస్మిక తనిఖీకి ప్రాంతీయ సంయుక్త సంచాలకులు పినాకపాణి గారు లోపలికొచ్చారు. ఆయన చేతిలో అప్పాయమ్మ ఇచ్చిన మంచినీళ్ల గ్లాసు ఉంది. నీళ్లు తాగడం పూర్తయింది. బల్లమీద పాచిక ఇంకా గింగిరాలు తిరుగుతోంది. జూదం అనుకుని ఆయన ఒక్క అంగలో వచ్చి, స్టీలు గ్లాసును దానిమీద టప్పున బోర్లించారు.

"ఏమిది?" అన్నారు.

"కథండీ," అన్నాడు కాశీపతి. తర్వాత పది నిమిషాలు వివరించాడు.

పినాకపాణి గారు వింటున్నకొద్దీ ఆయన ముఖం వెలిగిపోయింది. అంతకు నాలుగు రోజుల ముందే ఆయన రాజధానిలో జనభాగస్వామ్యం మీద శిక్షణ పొందివచ్చారు. అప్పటినుంచి జనం ఎక్కడ కనిపించినా వాళ్లను దేనిలోనో ఒకదానిలో భాగస్వాముల్ని చెయ్యాలని ఆయన చేతులు దురద పెడుతున్నాయి.

"అద్భుతం! అయితే ఈ క్రీడకు నియమావళి ఏదీ?"

కాశీపతి నోటుపుస్తకం చూపించాడు. ఆయన దాన్ని రెండు వేళ్లతో తిరగేశారు.

"దీనిని రూపొందించినది ఎవరు?"

"ఈ కూర్చున్నవాళ్లే సార్."

"అనగా ప్రజలు పాల్గొనలేదన్నమాట."

"వీళ్లు ప్రజలే కదండీ?" అంది మార్తమ్మ.

"కాదమ్మా. వీరు వ్యక్తులు. ప్రజలు అనగా ఒక ప్రక్రియ ద్వారా సమకూరవలసినవారు." ఆయన గ్లాసు మీద వేలు పెట్టారు. "నియమావళి ఆమోదం పొందువరకు క్రీడ నిలుపుదల. ఈ పాచిక విషయమున యథాతథ స్థితి కొనసాగవలెను."

"ఏవండీ, ఎంత పడిందో చూసి మూసేయండి, ఒక్కసారి!" అన్నాడు సత్తిరాజు.

"అది నియమావళి నిర్ణయిస్తుంది," అని పినాకపాణి గారు అక్కడికక్కడే మైదా జిగురు తెప్పించి, గ్లాసు అంచు నుంచి బల్లకు నాలుగు వైపులా కాగితం పట్టీలు అంటించి సంతకాలు చేశారు.

ఉత్తర్వు వారంలో వచ్చింది. బల్లపై ఆడదగు కథాక్రీడా నియమావళిని ప్రజల సూచనలతో రూపొందించాలని దాని సారాంశం. అందుకు ఒక కమిటీ వేసి, కాశీపతిని దానికి సభ్య కన్వీనరుగా నియమించారు. అంటే సభ్యులు టీ తాగుతారు, కన్వీనరు రాస్తాడు. అందులో అయిదో పేరా అన్నిటికన్నా ముఖ్యం. "ప్రజల నుండి అందిన ఏ ఒక్క సూచనను తిరస్కరించరాదు. తిరస్కరించినచో భాగస్వామ్య స్ఫూర్తికి భంగము వాటిల్లును. పరస్పర విరుద్ధములగు సూచనలు అందినచో రెండింటిని చేర్చవలెను."

మొదటి నెల సూచనల పెట్టెలో ఒక బల్లి తప్ప ఏమీ పడలేదు. వెంటనే ప్రతి శాఖా గ్రంథాలయానికీ వెయ్యి సూచనల లక్ష్యం విధించారు. కాశీపతి పాల కేంద్రం దగ్గర తెల్లారగట్ల వరసలో నిలబడ్డవాళ్లకి కాగితాలు పంచాడు. ప్రభుత్వం ఏదో రాసివ్వమంటోంది అనగానే జనం తమకేం కావాలో రాసిచ్చారు. వాళ్లకి రాక్షసులతో ఏం పని?

ఏ సూచనా తోసెయ్యడానికి లేదు కాబట్టి కాశీపతి ఒక్కొక్కటే నియమంగా మార్చాడు. మూడో వీధి మురుగు కాలువ పూడిక తీయాలన్నవాళ్ల కోసం, కోట అగడ్తలో పూడిక తీసేవరకు ముట్టడి జరపరాదని రాశాడు. దీపాలు లేవన్నవాళ్ల కోసం రాక్షసుడి గుహలో ప్రతి పది గజాలకూ దీపస్తంభం పెట్టాడు. మధ్యాహ్నం అమలాపురం బస్సు కంచుమెరకలో ఆగడం లేదని నలభై మంది రాశారు. కాబట్టి మాయారణ్యంలో మధ్యాహ్నం రెండు పదికి ఒక బస్సు ఆగుతుంది. అది చూసి సత్తిరాజు ఒక్క క్షణం సంతోషించి, మళ్లీ గ్లాసు వైపు చూశాడు.

"మావాడింకా అక్కడే ఉన్నాడండి. బస్సెక్కడానికైనా ముందు వంతెన దాటాలి కదండీ," అన్నాడు.

ఉన్నత పాఠశాల మాస్టారు ఒకాయన కత్తి వల్ల పిల్లలు చెడిపోతారు, కత్తికి బదులు వినతిపత్రం వాడాలన్నాడు. పాచికలో ఒకటి పడితే పిల్లలు చిన్నబుచ్చుకుంటారు కాబట్టి ఆరు ముఖాల మీదా ఆరే ఉండాలని ఒక తల్లి రాసింది. ఆరు పడితే గర్వం వస్తుంది కాబట్టి అసలు ఆరే ఉండకూడదని ఇంకొకాయన రాశాడు. అయిదో పేరా ప్రకారం 412వ నియమంగా అది, 413వ నియమంగా ఇది చేరాయి.

ఆరో నెలలో సమీక్షా సమావేశం జరిగింది. పినాకపాణి గారు చిత్తుప్రతి తిరగేసి బాధగా తల అడ్డంగా తిప్పారు.

"ఇందులో రాక్షసుని సూచనలేవీ?"

సభ్యులు టీ కప్పులు కింద పెట్టారు.

"నియమావళి వల్ల మిక్కిలిగా ప్రభావితుడగు వ్యక్తి ఆతడే. ఆతని ప్రాతినిధ్యం లేనిచో రేపు ఎవరైనను ప్రశ్నించగలరు. ప్రకటన ఇవ్వండి."

ప్రకటన ఇచ్చారు. రాక్షస వర్గం నుంచి ఎవరూ దరఖాస్తు చేసుకోలేదు. గడువు రెండుసార్లు పొడిగించి, చివరకు సహాయ గణాంకాధికారి శేషగిరి గారికి రాక్షసుడిగా పూర్తి అదనపు బాధ్యతలు అప్పగించారు. శేషగిరి గారు బక్కపలచని మనిషి, గట్టిగా తుమ్మినా చుట్టూ ఉన్నవాళ్లకు క్షమాపణ చెప్పే రకం. కానీ అప్పగించిన పని శ్రద్ధగా చేస్తాడు. తర్వాతి సమావేశానికి ఆయన ఒక ఫైలుతో వచ్చి, "రాక్షసుడి హోదాలో నా విన్నపం ఏమిటంటేనండి, గుహలో గాలి ఆడటం లేదండి," అన్నాడు. రెండు కిటికీలు మంజూరయ్యాయి. ముందస్తు నోటీసు లేకుండా వీరులు రావడం వల్ల ఇంట్లోవాళ్లు భయపడుతున్నారని ఆయన ఇంకో విన్నపం పెట్టాడు. వీరుడు పదిహేను రోజుల ముందు రాతపూర్వకంగా తెలియజేయాలని, రాక్షసుడు నిరభ్యంతర పత్రం ఇచ్చాకే లోపలికి అడుగుపెట్టాలని నియమం చేరింది.

ఇదంతా కాశీపతి నవ్వుకుంటూ రాసేవాడే. ఒక్క మెమోకి మాత్రం నవ్వలేకపోయాడు. "వంతెన క్రింద గల పరిస్థితిపై సమగ్ర నివేదికను మూడు దినములలో సమర్పించవలెను. సదరు నివేదిక ప్రజల సమాచారార్థం నోటీసు బోర్డునందు ప్రదర్శించబడును."

నోటీసు బోర్డును ఆ ఊళ్లో చదివేది ఒకే ఒక్కడు. పొద్దున్నే వచ్చి, దాని ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, అడుగునున్న అచ్చాఫీసు పేరు దాకా చదివేవాడు సత్తిరాజు. కంఠీరవుడు వేలాడుతుండగా కింద ఏముందో ఆయనకు తెలిసిపోతే ఇక ఆటేముంది? రిటైరయ్యాక ఎనిమిదేళ్లు ఆ మనిషిని ఎవరూ ఏమీ అడగలేదు. ఇక్కడ వారానికోసారి "సత్తిరాజు గారూ, మీరేం చేస్తారు?" అని ఒకరు అడిగేవారు. ఆ ప్రశ్న కోసం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చేవాడు. కాశీపతికి అది తెలుసు. తెలిసి ఆ ప్రశ్నను నోటీసు బోర్డుకు మేకు కొట్టి వేలాడదీయలేకపోయాడు.

"ఆటగాడు పడితే తప్ప చెప్పకూడదని ఆట సంప్రదాయం," అని జవాబు రాశాడు.

సంజాయిషీ నోటీసు వచ్చింది. మళ్లీ అదే రాశాడు. రెండోది వచ్చింది. "పై అధికారుల నుండి లోయ వివరములను దాచుట" నేరంగా పేర్కొంటూ, ఏజెన్సీలో కొత్తగా తెరవబోయే, ఇంకా గోడలు కూడా లేని గ్రంథాలయానికి బదిలీ చేయవలసి వస్తుందని హెచ్చరించారు. ఆ రోజు కాశీపతి అన్నం సరిగా తినలేదు. భయపడ్డాడు, నిజంగానే భయపడ్డాడు. అయినా మూడోసారి కూడా అదే వాక్యం రాసి పంపాడు. అదృష్టం ఏమిటంటే ఆ మూడో జవాబు రాష్ట్ర కార్యాలయం నుంచి పొరపాటున జలవనరుల శాఖకు వెళ్లిపోయి, లోయ తమ పరిధిలోకి రాదని వాళ్లు తిప్పిపంపడంలోనే ఏడు నెలలు గడిచాయి.

సత్తిరాజు మాత్రం రోజూ అడిగేవాడు. "చూడను లెండి. ఊరికే చెప్పండి, బతికే ఛాన్సుందాండి?"

"పాచికే చెప్పాలండి," అనేవాడు కాశీపతి.

"ఆయ్," అని ఆయన గ్లాసు ముందు కాసేపు కూర్చుని వెళ్లిపోయేవాడు. మార్తమ్మ, ఖాదర్ రావడం తగ్గించారు. బీరువాలు మళ్లీ కిర్రుమనసాగాయి.

పద్నాలుగో నెలలో నియమావళి అచ్చయి వచ్చింది. నాలుగు సంపుటాలు, రెండు వేల మూడు వందల పైచిలుకు నియమాలు. ఆదివారం ఆవిష్కరణ. షామియానా వేశారు. ఖాదర్‌నీ మార్తమ్మనీ ప్రజలుగా ముందు వరుసలో కూర్చోబెట్టారు. శేషగిరి గారు రాక్షసుడి పేరుపలక ముందు సర్దుకుని కూర్చున్నారు. సత్తిరాజు ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు.

పినాకపాణి గారు గంటంబావు మాట్లాడారు. ప్రపంచంలో ఇంతమంది కలిసి రాసిన ఆట వేరొకటి లేదన్నారు. ఆ మాట నిజమే కావచ్చు. తర్వాత ఆయన పట్టీలు చింపి గ్లాసు ఎత్తారు.

ఆరు.

షామియానా అంతా చప్పట్లు. సత్తిరాజు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"దాటేసినట్టేనాండి?"

పినాకపాణి గారు రెండో సంపుటం తెరిచారు. "ఆరు పడినది వాస్తవమే. అయితే 413వ నియమం ప్రకారం ఆరు అను అంకె లేదు."

"412 ప్రకారం ఆరు తప్ప ఇంకోటి లేదు కదండీ?" అన్నాడు కాశీపతి.

"అందుచేత రెండూ వర్తించును. అదియునుగాక, వంతెన భారసామర్థ్య ధ్రువపత్రం ఏదీ? పిమ్మట రాక్షసుని నిరభ్యంతర పత్రం."

శేషగిరి గారు లేచి నిలబడ్డారు. "నాకేం అభ్యంతరం లేదు సార్. పాపం పెద్దాయన, రానివ్వండి. కిటికీలు కూడా తెరిచి ఉంచాను."

"మౌఖిక అభ్యంతరరాహిత్యం చెల్లదు. నేడు ఆదివారం, తపాలు స్వీకరించువారు లేరు." పినాకపాణి గారు పుస్తకం మూసి నమస్కారం పెట్టారు. "క్రీడ విజయవంతంగా ప్రారంభమైనది. కంఠీరవుని స్థితిగతులను తదుపరి సమావేశమున పరిశీలించెదము." ఆయనకు తొందరగా వెళ్లాల్సిన పని ఉంది. పక్క డివిజన్‌లో జనభాగస్వామ్య చదరంగం మొదలు పెడుతున్నారు. అందులో ప్రతి బంటూ కదిలే ముందు గ్రామసభ జరగాలి.

కారు వెళ్లిపోయింది. షామియానా వాళ్లు గుంజలు పీకడం మొదలుపెట్టారు. లోపల బల్ల దగ్గర సత్తిరాజు, కాశీపతి, మార్తమ్మ, ఖాదర్, ఎటు వెళ్లాలో తెలియని రాక్షసుడు మిగిలారు.

"ఆళ్లేవన్నా అననివ్వండి. ఆరు పడింది," అన్నాడు సత్తిరాజు. "ముప్పై ఒక్కేళ్లు టిక్కెట్లు కొట్టిన చెయ్యండి ఇది!"

గ్లాసు కడగడానికి తీసుకుంటున్న అప్పాయమ్మ కిసుక్కున నవ్వింది.

"మీ చెయ్యి కాదండి బాబూ, నా చెయ్యి."

అందరూ ఆమె వైపు తిరిగారు.

"సీలుంది కదే!" అన్నాడు కాశీపతి.

"ఏం సీలండీ? మైదా జిగురు కదా, మొదటి వారంలోనే బొద్దింకలు నాకేశాయి. నేనే మెతుకులెట్టి అతికించేదాన్ని. రోజూ గ్లాసు తీసి బల్ల తుడవొద్దేటండీ మరి? దుమ్ము పేరుకుపోతే మీరే కదా కేకలేస్తారు!"

యథాతథ స్థితి పద్నాలుగు నెలలు అలా కాపాడబడింది.

"అయితే మొదట్లో ఎంతుంది?" అని సత్తిరాజు నెమ్మదిగా అడిగాడు.

అప్పాయమ్మ నవ్వు ఆగిపోయింది. కొంగు చివర వేలికి చుట్టుకుంది. "రెండండీ. మీరు పడిపోతారని మనసొప్పలేదు. ఆరు పెట్టాను. తుడిచినప్పుడల్లా మళ్లీ ఆరే పెట్టేదాన్ని."

"ఆరు అనే అనుకుందామండి," అన్నాడు ఖాదర్ గబగబా. "ఎవరికి తెలుసు?"

సత్తిరాజు చాలాసేపు పాచిక వైపు చూశాడు. ఆయనకు దాటాలని ఎంత ఉందో అక్కడున్న అందరికీ తెలుసు.

"నాకు తెలుసు కదండీ," అన్నాడు చివరికి. "టిక్కెట్టు లేకుండా ఎవణ్నీ ఎక్కనివ్వలేదు. నేనెలా ఎక్కుతాను?" పాచికను పట్టుకుని తనే రెండు పైకి వచ్చేలా తిప్పిపెట్టాడు. "రెండంటే రెండే. పడ్డాను."

మార్తమ్మ కళ్లు తుడుచుకుంది. శేషగిరి గారు కూడా. కాశీపతి బీరువా అడుగునుంచి బడి నోటుపుస్తకం తీశాడు. ఆఖరి పేజీ తెరిచాడు. మూడు జవాబుల్లోనూ చెప్పని మాట అక్కడ రెండు పంక్తుల్లో ఉంది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"తాడు తెగింది. కంఠీరవుడు పడుతున్నాడు, పడుతున్నాడు. కింద నీళ్లు. లోతైన నీళ్లు. ఆ నీళ్లమీద ఒక పడవ ఉంది."

సత్తిరాజు నోరు తెరుచుకుని వింటున్నాడు.

పుస్తకంలో ఉన్నది అంతవరకే. కాశీపతి ఒక్క క్షణం ఆగి, తలెత్తి, ఇంకో మాట కలిపాడు. "పడవలో ఒక ఆడమనిషి తెడ్డు పట్టుకుని కూర్చుంది. ఏం చేస్తావు, అప్పాయమ్మా?"

"నేనాండీ? నాకేటి తెలుస్తాదండీ!"

"ముందు కూర్చో."

కూర్చోవడానికి ఖాళీ కుర్చీ లేదు, అద్దె కుర్చీలన్నీ షామియానా వాళ్లు పట్టుకెళ్లిపోయారు. శేషగిరి గారు లేచి నియమావళి నాలుగు సంపుటాలూ ఒకదానిమీద ఒకటి పేర్చి పెట్టారు. బల్లకు సరిగ్గా ఎత్తు సరిపోయింది. అప్పాయమ్మ మొహమాటపడుతూనే కూర్చుని, చీపురును తెడ్డులా ఒళ్లో పెట్టుకుంది.

"ఏం చేస్తానండీ, మునిగిపోతుంటే జుట్టట్టుకుని పైకి లాగుతాను."

సత్తిరాజు తన బట్టతల తడుముకున్నాడు. "జుట్టు లేదు కదమ్మా!"

"చూశారా, కష్టమే," అన్నాడు కాశీపతి. "పాచిక వెయ్యాల్సిందే."

అప్పాయమ్మ పాచికను అరచేతిలోకి తీసుకుంది. పద్నాలుగు నెలలు రోజూ తిప్పిపెట్టిన పాచికే అయినా విసరడం ఆమెకు ఇదే మొదటిసారి. ఒకసారి సత్తిరాజు ముఖంలోకి చూసి, కళ్లు గట్టిగా మూసుకుంది.

"రైట్ రైట్!" అని బల్లమీదికి విసిరింది.